రెండేళ్ల కాంట్రాక్ట్ చూసుకుని ముప్ఫై ఏళ్ల హోమ్ లోనా?

ప్రశ్న: మేం సిడ్నీలో, పారమట్టా దగ్గర ఉంటాం. మా అబ్బాయికి 20 ఏళ్లు. జెర్సీ ఫ్లెగ్ అనే అండర్-21 రగ్బీ లీగ్ పోటీలో ఆడుతూ ఇప్పుడు ఎన్ఆర్ఎల్‌లో, అంటే ఇక్కడి టాప్ రగ్బీ లీగ్‌లో, ఒక క్లబ్‌తో రెండేళ్లకు సంతకం చేశాడు, ఏడాదికి లక్షన్నర డాలర్లు. వెంటనే వాడి పేరు మీద ఇల్లు కొనాలని, షాద్‌నగర్‌లో ప్లాటుకు అడ్వాన్స్ ఇవ్వాలని మావారు అంటున్నారు. వాడేమో యూనివర్సిటీ మానేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అబ్బాయికి కంగ్రాట్స్ చెప్పండమ్మా, అండర్-21 నుంచి క్లబ్ మెయిన్ స్క్వాడ్ అయిన టాప్ 30లోకి వెళ్లడం మామూలు విషయం కాదు. కానీ మీవారు దీన్ని ఉద్యోగం జీతంలా లెక్కేస్తున్నారు. చేతిలో ఖాయంగా ఉన్నది రెండేళ్లకు కలిపి మూడు లక్షలు, అంతే. అందులో ఏటా ట్యాక్స్, మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్యం కోసం కట్టేది) కలిపి 40 వేల దాకా పోతాయి, పైన ఏజెంట్ కమిషన్, మిగిలేది ఏడాదికి లక్షకు కాస్త అటూఇటూ. సూపర్, అంటే రిటైర్మెంట్ కోసం క్లబ్ కట్టే డబ్బు, ఆ లక్షన్నరలోనే కలిపారా, విడిగా ఇస్తారా అన్నది అగ్రిమెంట్ తీసి చూడండి, 12 శాతం అంటే చిన్న తేడా కాదు.

మొదటి సీజన్ అయ్యాక నవంబర్ 1 నుంచి వేరే క్లబ్‌లు వాడితో మాట్లాడొచ్చు. ఫామ్‌లో ఉంటే మంచిదే, మోకాలి ఆపరేషన్ అయి కూర్చుంటే ఎవరూ ఫోన్ చేయరు. 2021లో సిడ్నీ రూస్టర్స్‌లో జేక్ ఫ్రెండ్, బాయిడ్ కార్డనర్ ఇద్దరూ తల దెబ్బల వల్ల ఒకే ఏడాది ఆట మానేశారు, కార్డనర్‌కి అప్పుడు 29 ఏళ్లు. ఇంకో సంగతి, న్యూ సౌత్ వేల్స్‌లో రిజిస్టరైన ఆటగాళ్లకు మ్యాచ్‌లో, ప్రాక్టీస్‌లో తగిలే దెబ్బలకు వర్కర్స్ కాంపెన్సేషన్ వర్తించదు. కాబట్టి ఇంటి బ్రోకర్ కంటే ముందు ఆటగాళ్ల సంఘం ఆర్ఎల్‌పీఏకి ఫోన్ చేయించి, దెబ్బ తగిలితే ఎంతవరకు కవర్ ఉంది, ఎన్నాళ్లు డబ్బు వస్తుంది కనుక్కోమనండి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ తీసుకునేటప్పుడు వృత్తి దాచకూడదు, రేపు క్లెయిమ్ దగ్గర అదే పట్టుకుంటారు.

ఇల్లు ఇప్పుడొద్దు. వాడు మీ దగ్గరే ఉంటున్నాడు కదా, చేతికొచ్చే దాంట్లో కనీసం సగం జీతం పడిన రోజే వేరే అకౌంట్‌లోకి వెళ్లిపోవాలి. అందులో ఏడాది ఖర్చులకు సరిపడా పోగయ్యాకే ఇండెక్స్ ఫండ్ సంగతి. సూపర్‌లో అదనంగా వేస్తే 60 ఏళ్లదాకా ముట్టుకోలేరు, ఒక్క మినహాయింపు ఏంటంటే మొదటి ఇంటి కోసం ఏడాదికి 15 వేలు, మొత్తం 50 వేల వరకు వేసి వెనక్కి తీసుకునే స్కీం ఉంది. ఇల్లే కావాలంటే అటు నుంచి మొదలుపెట్టండి. క్రీడాకారులకు మంచి ఏడాది ఆదాయాన్ని గత ఏళ్లతో సగటు చూసి ట్యాక్స్ తగ్గించే ఏర్పాటు కూడా ఉంది, ఆటగాళ్ల రిటర్నులు వేసే అకౌంటెంట్‌నే పట్టుకోండి.

షాద్‌నగర్ ప్లాటు మీవారికి అంత ఇష్టమైతే తన డబ్బుతో కొనుక్కోమనండి. సరిహద్దు రాళ్లు ఉన్నాయో పోయాయో ఇక్కడ కూర్చుని చూసుకోవడం ఆటగాడి పని కాదు.

చదువు మాత్రం మానొద్దు. సెమిస్టర్‌కి ఒక్క సబ్జెక్ట్ చాలు, ఆలస్యమైతే ఏమైంది. క్లబ్‌లో ఇలాంటివి చూసే వెల్‌బీయింగ్ స్టాఫ్ ఉంటారు, వాళ్లతో మాట్లాడించండి.

కారు గురించి మీరు అడగలేదు గానీ వాడు అడుగుతాడు. సెకండ్ హ్యాండ్‌ది, లోన్ లేకుండా, 25 వేలు దాటకుండా.