గాల్లో ఇంజిన్ ఆగిపోతే?

ప్రశ్న: మా అబ్బాయి పైలట్ ట్రైనింగ్‌లో చేరాడండీ. నేర్చుకునేది ఒకే ఇంజిన్ ఉండే సెస్నా 172 మీద. శిక్షణ విమానం ఒకటి ఇంజిన్ చెడిపోయి పొలంలో దిగిందని టీవీలో చూసిన దగ్గర్నుంచి మా ఆవిడకి కంటి మీద కునుకు లేదు, మాన్పించి తీసుకొచ్చేయమంటోంది. ఉన్న ఒక్క ఇంజినూ ఆగిపోతే ఇంక దిక్కేమిటి?
– ఓ తండ్రి, గుంటూరు

జవాబు: ముందు మీ ఆవిడకి ఈ ఒక్క ముక్క చెప్పండి. విమానాన్ని మోసేది రెక్కలు, ఇంజిన్ పని ముందుకు లాగడమే. ఇంజిన్ ఆగిందా, ముక్కు కాస్త కిందికి వంచితే చాలు, దుర్గమ్మ గుడి ఘాట్ రోడ్డులో ఇంజిన్ ఆపేసిన స్కూటర్ జారినట్టు అదీ గాలి మీద జారుకుంటూ వస్తుంది. సెస్నా 172 అయితే ఒక అడుగు దిగేలోపు తొమ్మిది అడుగుల దాకా ముందుకు పోతుంది. అంటే గుంటూరు మీద 3,000 అడుగుల ఎత్తులో ఆగిందనుకుంటే పెదకాకాని దరిదాపుల దాకా రావచ్చు, చేతిలో ఓ నాలుగు నిమిషాలుంటాయి. విన్నవాళ్ళకి తక్కువ అనిపిస్తుంది గానీ పని తెలిసినవాడికి అది చాలా టైమే.

ఆ నాలుగు నిమిషాల్లో ఏం చేస్తాడంటే, మొదట వేగం 65 నాట్ల దగ్గర, అంటే గంటకి 120 కిలోమీటర్ల దగ్గర నిలబెడతాడు. దిగడానికి చోటు చూసుకుంటాడు. ఆ తర్వాతే ఇంజిన్ ఎందుకు ఆగిందో వెతుకులాట: సీట్ల మధ్య కింద ఉండే పెట్రోల్ మీట సరైన ట్యాంకు మీద ఉందా, ఇగ్నిషన్ తాళం సరిగ్గా ఉందా, కార్బురేటర్‌లో మంచు పట్టిందా (మన ఉక్క వాతావరణంలోనూ పడుతుంది, నమ్మరు గానీ). రేడియోలో ‘మేడే’ (ఆపదలో ఉన్నాం, కాపాడండి) అనడం సినిమాల్లో మొదటి పని, ఇక్కడ మాత్రం పైవన్నీ అయ్యాకే. నేల దగ్గర పడుతుండగా పెట్రోలూ కరెంటూ కట్టేసి, తలుపుల గడియలు ముందే తీసేస్తాడు, దిగాక ఫ్రేము వంగి తలుపులు బిగుసుకుపోకుండా.

చోటు ఎంచుకోవడమే అసలు విద్య. పైనుంచి చూస్తే మన డెల్టా అంతా రన్‌వేలానే కనిపిస్తుంది, నమ్మకూడదు. నీళ్ళు నిలిచిన వరి మడిలో ముందు చక్రం దిగబడి విమానం తలకిందులవుతుంది. కోతలై ఎండిన చేను నయం, అదీ గట్టుకి అడ్డంగా కాకుండా, సాళ్ళు ఎటుంటే అటు, వీలైనంత వరకు గాలికి ఎదురుగా. కరెంటు తీగలు పైనుంచి కనపడవు కాబట్టి స్తంభాల కోసం వెతకాలి. నేలని తాకేటప్పుడు వేగం గంటకి 90 కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, చిన్న విమానానికున్న పెద్ద అదృష్టం అదే.

నిజంగా ప్రాణాలు తీసేది వేరే ఉంది. టేకాఫ్ అయిన కాసేపటికే, ఏ 400 అడుగుల్లోనో ఇంజిన్ ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే అందుకుందామనే ఆశ. ఆ మలుపులో వేగం చచ్చి, రెక్కకి పట్టు తప్పి కూలిపోతారు. ఎదురుగా ఏదుంటే దాంట్లోనే, కాస్త అటూ ఇటూగా దించేయాలి. విమానం పోతే పోయింది.

ఈసారి అబ్బాయి ఫోన్ చేసినప్పుడు భయంగా ఉందా అని అడక్కండి. పొద్దున ఎగిరే ముందు ట్యాంకు అడుగునుంచి కప్పులోకి పెట్రోల్ పట్టి చూశావా అని అడగండి. ఆ పెట్రోల్ లేత నీలంగా ఉంటుంది, నీళ్ళు కలిస్తే అడుగున రంగు లేకుండా బొట్లుగా కనిపిస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా థ్రాటిల్ (ఇంజిన్ జోరు పెంచే, తగ్గించే మీట) వెనక్కి లాగేసి ‘ఇంజిన్ పోయింది, ఎక్కడ దింపుతావ్?’ అంటున్నాడా అనీ అడగండి. రెండింటికీ టకటకా జవాబిచ్చాడా, మాన్పించొద్దు. నసిగాడా, స్కూలు మార్చే సంగతి ఆలోచించండి.

ప్రశ్న: మన హైవే మీదే రన్‌వే ఉందిగా, ఇలాంటప్పుడు అక్కడ దిగొచ్చుగా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరనేది ఒంగోలు దారిలో కొరిశపాడు, రేణంగివరం మధ్య ఉన్న 4.1 కిలోమీటర్ల ముక్క. 2022 డిసెంబరు 29న వైమానిక దళం అక్కడ మొదటిసారి విమానాలతో ట్రయల్ చేసింది. అది వాళ్ళ అవసరానికి కట్టింది, ట్రాఫిక్ మళ్ళించాకే పనికొస్తుంది. మామూలు రోజు దాని మీద లారీలూ బస్సులే. ప్రాణం మీదికొస్తే పైలట్ ఎక్కడైనా దిగొచ్చు, ఎవరూ కాదనరు, కానీ రోడ్డు మీద వాళ్ళ ప్రాణాలూ చూడాలిగా. పక్కనే ఎండిన చేను ఉంటే నా ఓటు చేనుకే.

ప్రశ్న: విమానానికే పారాచూట్ కట్టేస్తే పోదా?
– ఇంటర్ విద్యార్థి, తెనాలి

జవాబు: కట్టారమ్మా. సిర్రస్ అనే చిన్న విమానాల్లో పైనున్న పిడి లాగితే రాకెట్ పేలి పారాచూట్‌ని బయటికి లాగుతుంది, విమానం మొత్తం దానికి వేలాడుతూ దిగుతుంది. అది విచ్చుకోవడానికీ కొంత ఎత్తు కావాలి, మరీ కిందుంటే దాంతో లాభం లేదు.