లారీ గతిశక్తి: లెక్కలో పదమూడు రెట్ల తేడా

ప్రశ్న: కృష్ణపట్నం రేవుకు గ్రానైటు దిమ్మలను తోలే లారీలను రోజూ చూస్తుంటాము. దిమ్మతో కలిపి 30 టన్నులున్న లారీ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి ఎంతో కట్టమని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి చెప్పాను. తనకు 4,37,40,000 జౌళ్లు, నాకు 33,75,000 జౌళ్లు వచ్చాయి. సూత్రం ఇద్దరిదీ ఒక్కటే. తప్పెక్కడ జరిగింది? అసలు ఆ సూత్రంలో సగం ఎందుకు?
– ఒక పాఠకుడు, చీమకుర్తి, ప్రకాశం జిల్లా

జవాబు: మీ లెక్కే సరైనది. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి అందులో సగం తీసుకోవాలని మీ అమ్మాయికి బాగానే తెలుసు. అయితే జవాబు జౌళ్లలో రావాలంటే ద్రవ్యరాశి కిలోగ్రాముల్లోనూ, వేగం సెకనుకు మీటర్లలోనూ ఉండాలి. ఆమె టన్నులను 30,000 కిలోగ్రాములుగా మార్చింది గానీ 54ను అలాగే ఉంచేసింది. 54ను 5తో గుణించి 18తో భాగిస్తే సెకనుకు 15 మీటర్లు. దాని వర్గం 225ను, 30,000లో సగమైన 15,000తో గుణిస్తే మీకు వచ్చిన 33,75,000 వస్తుంది. వేగాన్ని మార్చకపోవడం వల్ల 3.6 రెట్లుగా మొదలైన పొరపాటు, వర్గం చేసేసరికి దాదాపు 13 రెట్లయింది. సూత్రాన్ని వల్లె వేయించినంత శ్రద్ధగా ప్రమాణాలను ఎవరూ నేర్పరు కాబట్టి ఆ పిల్లను తప్పు పట్టలేము.

ఇక సగం సంగతి. ఆగి ఉన్న లారీని స్థిరమైన బలం లాగుతున్నదనుకుందాము; ఆ బలాన్ని లారీ నడిచిన దూరంతో గుణిస్తే వచ్చే పనే లారీలో గతిశక్తిగా చేరుతుంది. వేగం సున్నా నుంచి 15కు సమంగా పెరిగినప్పుడు సగటు 7.5 మాత్రమే కనుక, మొదటినుంచీ 15తో నడిస్తే వచ్చే దూరంలో సగమే అది నడుస్తుంది. సూత్రంలోని సగం అక్కడిదే. పదిహేడో శతాబ్దపు జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ కాలంలో ఈ సగం లేకుండానే లెక్క కట్టేవారు. 1829లో ఫ్రెంచి ఇంజనీరు కొరియోలిస్ దాన్ని చేర్చి, పనితో ముడిపెట్టాడు.

వేగాన్ని 27 కిలోమీటర్లకు తగ్గిస్తే గతిశక్తి సగం కాదు, నాలుగో వంతే, అంటే 8,43,750 జౌళ్లు మిగులుతుంది. బ్రేకు వేసినప్పుడు ఈ శక్తి ఎక్కువగా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. కానీ పైనున్న దిమ్మ ఒక్కటే 20 టన్నులుంటే, 54 కిలోమీటర్ల వేగం వద్ద 22,50,000 జౌళ్లు దానివే; బ్రేకులు చక్రాలను పట్టుకుంటాయి గానీ దిమ్మను పట్టుకోవు, దాన్ని ఆపవలసినవి అడుగున ఉండే రాపిడి, బిగించి కట్టిన గొలుసులే.