ఇంజినీరింగ్ సీటుకి ముందు డార్క్‌రూమ్ క్లాసా?

ప్రశ్న: నేను విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి ఈఏపీసెట్ రాసింది. కౌన్సెలింగ్ కోసం చూస్తున్నాం. ఈలోగా ఊళ్లో పాత స్టూడియో నడిపిన ఒక పెద్దాయన ఆరు ఆదివారాలు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీయడం, వాటిని డార్క్‌రూమ్‌లో కడగడం నేర్పుతారట. ఫీజు ఐదు వేలు. వెళ్తానని అమ్మాయి పట్టుబట్టి కూర్చుంది. అందరి చేతిలో ఫోన్ కెమెరా ఉన్న రోజుల్లో ఈ పాత విద్య ఎందుకు? నేర్చుకుంటే డిజిటల్, ఎడిటింగ్ కోర్సు మేలా, ఇది మేలా? పోల్చి చెప్పగలరు. ఈ మోజులో పడి ఇంజినీరింగ్ వద్దంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. మా బావమరిది మాత్రం ‘ఎలాగూ ఇంట్రస్ట్ ఉంది కదా, ఫొటో, వీడియో, డిజైన్ నేర్పే విజువల్ కమ్యూనికేషన్‌లో చేర్చేయండి బావా, ఇప్పుడు డిమాండంతా దానికే’ అంటున్నాడు.

జవాబు: మాస్టారూ, పోలిక అడిగారు, చేస్తాను. కానీ మీ ఉత్తరం బరువంతా చివరి రెండు మూడు వాక్యాల్లో ఉంది. ఏటా వేసవిలో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఒకరింట్లో వీణ, ఒకరింట్లో చదరంగం, ఇంకొకరింట్లో డ్రోన్. విషయం ఏదైనా లోపలి భయం ఒక్కటే: పిల్ల మన చెయ్యి దాటిపోతోందా?

పంపించండి. ఇది నా జవాబు. ఆరు ఆదివారాల క్లాసుతో ఇంజినీరింగ్ మీద విరక్తి పుట్టిందంటే, ఆ విరక్తి క్లాసుకి ముందే ఉందన్నమాట. అలాంటిదేదైనా ఉంటే నాలుగేళ్ల ఫీజు కట్టాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడమే మీకు లాభం. లేకపోతే, అమ్మాయి ఒక పని చేతులారా నేర్చుకుని ఆగస్టులో హాయిగా కాలేజీకి వెళ్తుంది. నాకు తెలిసినంతలో చాలామంది విషయంలో జరిగేది ఈ రెండోదే.

ఆ గదిలో ఏం జరుగుతుందో మీకు తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మన చిన్నప్పుడు రీలు స్టూడియోలో ఇచ్చి ‘కడిగించి’ తెచ్చుకునేవాళ్లం కదా. ఆ కడగడమే ఇది. ఇంటర్ కెమిస్ట్రీలో కోఆర్డినేషన్ కాంపౌండ్స్ పాఠం చివర ఒక వాక్యం ఉంటుంది: ఫిల్ము మీద మిగిలిపోయిన సిల్వర్ బ్రోమైడ్‌ని హైపో ద్రావణం కరిగించి సంక్లిష్ట అయాన్‌గా మార్చి తీసేస్తుందని. పిల్లలు దాన్ని చిన్న ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేస్తారు. మీ అమ్మాయి ఆ వాక్యాన్ని ట్రేలో చూస్తుంది. ముందు బొమ్మని పైకి తెచ్చే డెవలపర్, తర్వాత ఆ పనిని ఆపే స్టాప్ బాత్, ఆ తర్వాత హైపో. హైపోలో సరిగ్గా ఉంచని ప్రింటు, నీళ్లలో సరిగ్గా కడగని ప్రింటు కొన్నాళ్లకి మరకలు పడి పాడైపోతుంది. అయాన్ పేరు మరిచిపోయినా ఆ మరక మరిచిపోదు.

లెక్కల మాస్టారు కాబట్టి మీకు ఇంకొకటి చెబుతాను. కడిగిన ఫిల్ము మీది బొమ్మని కాగితం మీద పెద్దది చేసి ప్రింటు వేసే యంత్రాన్ని ఎన్‌లార్జర్ అంటారు. దాని లెన్సు మీద 2.8, 4, 5.6, 8, 11, 16 అని అంకెలుంటాయి. అది గుణశ్రేఢి, సామాన్య నిష్పత్తి రూట్ 2, కొంచెం గుండ్రం చేసి రాస్తారంతే. ఒక్క అంకె పైకి జరిపితే కాగితం మీద పడే వెలుగు సగమవుతుంది, సమయం రెట్టింపు చెయ్యాలి. ఎంత సమయం ఇవ్వాలో తేల్చడానికి టెస్ట్ స్ట్రిప్ వేస్తారు. సన్నటి కాగితం ముక్క మీద ఐదు సెకన్లకోసారి అట్టముక్క జరుపుకుంటూ వెలుగు పడనిస్తే, అదే బొమ్మ ఐదు, పది, పదిహేను, ఇరవై సెకన్ల పట్టీలుగా వస్తుంది. ఒక పట్టీలో కోట గోడ తెల్లకాగితంలా వెలవెలబోతుంది, ఇంకో పట్టీలో మసిబొగ్గులా ఉంటుంది. ఏ రెండింటి మధ్య నిజం ఉందో పిల్ల చూసి తేల్చుకోవాలి, మళ్లీ వేసి చూసుకోవాలి. మీరు బోర్డు మీద ఏళ్లతరబడి చెబుతున్నదాన్ని ఇలా కళ్లతో చూసే అవకాశం మీ బళ్లో ఎంతమందికి దొరికింది?

పైగా మన ఊళ్లో వేసవి. ఫిల్ము కడిగే డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మేడ మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. ఐసు గడ్డలు కట్టిన సీసాని నీళ్ల తొట్టిలో పెట్టి, అందులో డెవలపర్ జాడీ ఉంచి, థర్మామీటర్ చూసుకుంటూ కూర్చోవాలి. 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పట్టే ఫిల్ముకి 24 డిగ్రీలైతే ఐదు నిమిషాల పైచిలుకు చాలు. ఆ తేడా పట్టించుకోకపోతే రీలంతా పోయినట్టే. ఒక రీల్లో 36 ఫొటోలు. పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగేటప్పుడు ఫోన్‌తో మూడు వందలు తీసి, ఒక్కటి కూడా మళ్లీ చూడని పిల్లలు మనవాళ్లు. 36 మాత్రమే ఉన్నాయంటే నొక్కేముందు ఆగుతారు.

మీరు రాయని విషయం ఒకటి ఉంది, నేనే అడుగుతాను. ఆడపిల్ల, చీకటి గది, తెలియని మనుషులు. అదే కదా? అందులో తప్పేమీ లేదు, తండ్రికి ఆ ఆలోచన రావాలి కూడా. కానీ దాన్ని ‘పాత విద్య ఎందుకు’ అనే ప్రశ్న వెనక దాచి అమ్మాయితో వాదించొద్దు. కటిక చీకటి ఫిల్మును చక్రం మీదికి చుట్టి, కడిగే డబ్బాలో పెట్టేటప్పుడే కావాలి, అది కొద్ది నిమిషాల పని. మూత పడ్డాక లైటు వేసుకునే ఫిల్ము కడుగుతారు. ఫిల్ము చుట్టడానికి గది కూడా అక్కర్లేదు, చేతులు దూర్చే నల్ల సంచి ఉంటుంది. ప్రింట్లు వేసేటప్పుడు ఫొటో కాగితాన్ని పాడుచెయ్యని ఎర్రటి దీపం, సేఫ్‌లైట్, వెలుగుతూనే ఉంటుంది, మనుషుల మొహాలు కనబడతాయి. క్లాసులో ఎంతమంది, ఇంకా ఆడపిల్లలున్నారా, తలుపుకి గడియా లేక నల్ల తెరా, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందా, ఇవన్నీ వెళ్లి అడగండి. మొదటి ఆదివారం వాళ్లమ్మని కూడా కూర్చోనిమ్మనండి. మంచి గురువైతే ఏమీ అనుకోడు. మొహం చిట్లిస్తే పంపొద్దు, ఆ మాట అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. రెండేళ్లు పొద్దున్న లేచింది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టినప్పుడు ఆ పిల్ల ‘ఇది ఎందుకు నాన్నా’ అని మిమ్మల్ని అడిగిందా? అడిగినా మీరు చెప్పి ఉండరు. ఇప్పుడు ఆరు ఆదివారాలు అడిగితే లాభనష్టాల పట్టిక వెయ్యమంటున్నారు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మనది, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అది. పిల్ల వీణ నేర్చుకుంటానంటే బంధువులకి గొప్పగా చెప్పుకుంటారు. ఫొటో కడగడం నేర్చుకుంటానంటే మాత్రం ‘దీనివల్ల ఏమొస్తుంది’ అంటారు. ఏమీ రాకపోయినా నేర్చుకోవచ్చు మాస్టారూ. ర్యాంకు వచ్చాక ఆనందపడదామని పదో తరగతి నుంచీ వాయిదా వేయిస్తున్నాం, ఇంకెన్నాళ్లు?

సరే, పోలిక. సంపాదన ఒక్కటే కొలత అయితే డిజిటల్, ఎడిటింగ్ ముందుంటాయి, అందులో అనుమానం లేదు. పెళ్లిళ్లు, పత్రికలు, ప్రకటనలు అన్నీ డిజిటలే. వెలుగు చదవడం, ఆగి చూడటం, ఒక ప్రింటులో ఎక్కడ నలుపు ఉండాలో ఎక్కడ తెలుపు ఉండాలో తేల్చుకోవడం డార్క్‌రూమ్‌లో బాగా పట్టుబడతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డాడ్జ్, బర్న్ అనే పనిముట్లు డార్క్‌రూమ్‌లో చేతులు అడ్డుపెట్టి ఒకచోట వెలుగు తగ్గించి, ఇంకోచోట పెంచి చేసిన పనికి పెట్టిన పేర్లే. ఇది నేర్చుకున్నవాళ్లకి అది తొందరగా వస్తుంది. మీ అమ్మాయి అడుగుతున్నది డార్క్‌రూమ్, డిజిటల్ కాదు. అడగని కోర్సులో చేరిస్తే రెండో వారం నుంచే మానేస్తుంది. పోలిక ఇంతకంటే సాగదీయను.

మీ బావమరిది గారి మాట మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. ఈమధ్య ఎవరిని కదిపినా విజువల్ కమ్యూనికేషన్ అంటున్నారు. ఏడాదికి లక్షల్లో ఫీజు, తళతళలాడే బ్రోచర్, అందులో కెమెరా పట్టుకున్న పిల్లలు. అలాంటి కాలేజీకి వెళ్తే మొదట స్టూడియో చూడకండి, మూడో ఏడాది చదువుతున్న పిల్లల పని చూపించమనండి. గోడకి తగిలించిన నాలుగు మంచి ఫొటోలు కాదు, క్లాసులో అందరివీ. పాఠం చెప్పేవాళ్లు ఆ రంగంలో పనిచేసినవాళ్లేనా అడగండి. పోయినేడు బయటికి వెళ్లిన ఐదుగురు ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారో పేర్లతో చెప్పమనండి. ‘మా స్టూడెంట్స్ టాప్ కంపెనీల్లో ఉన్నారు’ అన్నది జవాబు కాదు. అప్పు చేసి అక్కడ నేర్చుకునే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం బయట తక్కువలో నేర్చుకోవచ్చు. డిగ్రీ కాగితం చూసి ఎవరూ పెళ్లి ఫొటోలకి పిలవరు, తీసిన ఫొటోలు చూసి పిలుస్తారు.

మన జిల్లాల్లో ఈ పనిలో నిలబడ్డవాళ్లని చూడండి. చాలామంది ఒక పెద్ద ఫొటోగ్రాఫర్ దగ్గర లైటు పట్టుకుని, బ్యాగు మోసి, ఆల్బమ్ డిజైన్లు చేసి పైకొచ్చినవాళ్లే. అందులోనూ కష్టం ఉంది. ముహూర్తాలున్న నెలల్లో నిద్ర ఉండదు, మూఢం వస్తే కెమెరా బీరువాలోంచి బయటికి రాదు. కెమెరా ఈఎంఐకి మాత్రం మూఢం ఉండదు. పద్దెనిమిదేళ్ల పిల్లకి రెండు లక్షల కెమెరా వాయిదాల్లో కొనిపెట్టి, ప్రీ వెడ్డింగ్ షూట్లతో తీర్చేస్తుందిలే అనుకునే ఇళ్లు ఎక్కువవుతున్నాయి. నన్నడిగితే ఆర్నెల్లు ఎవరి దగ్గరైనా సహాయకురాలిగా పనిచేసి చూసే దాకా ఒక్క రూపాయి కూడా పెట్టొద్దంటాను.

నిజంగానే ఫొటోగ్రఫీ చదవాలనిపిస్తే తొందరేమీ లేదు, తలుపులు మూసుకుపోవు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌తో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది. అది ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి వెళ్లేది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ, ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఫొటోగ్రఫీ డిజైన్ డిగ్రీ అయ్యాక వెళ్లేవి. బీటెక్ చేసినవాళ్లూ వీటికి రాయొచ్చు. ఇరవై రెండేళ్లకీ ఇదే కావాలంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. అప్పుడు అడిగేది మోజుతో అయి ఉండదు.

అమ్మాయికి కూడా ఒక మాట. ఫిల్ము మళ్లీ వచ్చేసిందని ఇన్‌స్టాలో చూసి నమ్మొద్దమ్మా. ఊటీలో ‘ఇందు’ పేరుతో ఫిల్ము, ఫొటో కాగితం తయారుచేసిన మన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది. కొడాక్ అంతటిది 2012లో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత కోలుకుంది, కొడాక్ ట్రై ఎక్స్, ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 లాంటి ఫిల్ములు ఇప్పటికీ తయారవుతున్నాయి, కానీ అవి విదేశాల నుంచి రావాలి. పేరున్న రీలు ఒక్కోటి వెయ్యికి అటూ ఇటూ పడుతుంది. దీన్ని ఇష్టపడేవాళ్లు పెరిగిన మాట నిజమే, దీనిమీద ఇల్లు గడిపేవాళ్లు మాత్రం బహు తక్కువ. ఇష్టంగా నేర్చుకో, దీన్నే నమ్ముకుని కూర్చోకు. తరగతిలో తీసిన మొదటి రీలు బాగా రాదు, చాలామందికి రాదు. పొరపాటున రీలు వెలుగు తగిలి నల్లబడినా ఇంట్లో దాచకుండా చూపించు, నాన్నగారు ఏమీ అనరు. అనరు కదా, మాస్టారూ?

ఇక పనికొచ్చే విషయాలు. కౌన్సెలింగ్, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ తేదీలు ఆదివారాలతో కలిస్తే వాటికే ముందు వెళ్లాలి. ఆ ఒప్పందం ఇప్పుడే చేసుకోండి, తర్వాత గొడవ ఉండదు. కెమెరా కొనొద్దు. చాలా ఇళ్లల్లో అటక మీద యాషికానో, జెనిత్తో దుమ్ము పట్టి ఉంటుంది. బంధువులని అడగండి. దొరికితే బ్యాటరీ గది తెరిచి పచ్చటి తుప్పు లేదని చూసుకుని, రీలు వెయ్యకముందే ఆ పెద్దాయనకి చూపించండి. ఉబ్బసం ఉన్నా, చర్మానికి అలర్జీలున్నా ముందే ఆయనకి చెప్పాలి. డెవలపర్‌లో వాడే మెటాల్ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు. చిమ్టాలు, గ్లవ్స్ వాడిస్తారా అని అడగండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, దాన్ని ఏం చేస్తారో కూడా అడగండి. ఆ ప్రశ్నకి ఆయన ఇచ్చే జవాబుతోనే మనిషి ఎంత శ్రద్ధగలవాడో మీకు తెలిసిపోతుంది.

మొదటి రోజు మాత్రం పాత చుడీదార్ వేసుకెళ్లమనండి. డెవలపర్ మరక పడితే ఏ సబ్బుకీ వదలదు.