కడప బండ చౌకే, కానీ రసాయన ప్రయోగశాలకు పనికిరాదు

ప్రశ్న: మా జూనియర్ కళాశాలలో 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న గదిని రసాయనశాస్త్ర ప్రయోగశాలగా మార్చబోతున్నాము. బ్యాచ్‌కు 20 మంది విద్యార్థులు. బల్లలపై కడప బండ పరిస్తే ఖర్చు తగ్గుతుందని యాజమాన్యం అంటోంది. గదిని ఎలా అమర్చుకోవాలో తెలుపగలరు.
– ఒక అధ్యాపకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా రాయి సంగతి. కడప, బేతంచెర్ల, తాండూరు బండలన్నీ సున్నపురాళ్లే, అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. లవణ విశ్లేషణలో కార్బొనేట్‌ను గుర్తించడానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపినప్పుడు పరీక్షనాళికలో వచ్చే బుసబుస పొంగే, చుక్క జారిన ప్రతిసారీ మీ బల్లమీదా వస్తుంది. నునుపు పోయి గుంటలు పడతాయి. పాలిష్ చేసిన గ్రానైట్ వేయించండి. అతుకులను సిమెంటుతో కాక ఎపాక్సీతో (గట్టిపడే రెసిన్ జిగురుతో) నింపించండి, ఎందుకంటే సిమెంటునూ ఆమ్లం తినేస్తుంది.

ఇక అమరిక. 15 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గల రెండు బల్లలను గది పొడవు వెంబడి సమాంతరంగా వేస్తే, ఒక్కో వైపు ఐదుగురు చొప్పున 20 మందికీ తలా 3 అడుగుల చోటు దక్కుతుంది. బల్లల నడుమ విద్యార్థులు వీపులు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడతారు గనుక అక్కడ 5 అడుగులు, గోడల వైపు మూడున్నర అడుగుల చొప్పున దారి వదలండి. పొడవాటి గోడల వెంట ఇంకో అరుగు కట్టించాలన్న ఆశ సహజమే గాని, దానికి చోటు లేదు. సింకులు బల్లల చివర్లలో ఉండాలి. వాటి గొట్టాలు నేల పరచకముందే వేయించాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్ వాడే పరీక్షలకు ఫ్యూమ్ హుడ్ (హానికర వాయువులను లాగి బయటికి పంపే గూడు) తప్పనిసరి. ఆ వాయువు గాఢత పెరిగితే వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది కాబట్టి ముక్కును నమ్ముకోవడం ప్రమాదకరం. హుడ్ ముఖద్వారం వద్ద గాలి సాధారణంగా సెకనుకు అర మీటరు వేగంతోనే లోపలికి వెళుతుంది. మనిషి నడిచి వెళ్లినా, పైన ఫ్యాన్ తిరిగినా ఆ ప్రవాహం చెదిరి వాయువు బయటికి వస్తుంది. అందుకే దాన్ని తలుపుకు దూరంగా, చివరి మూలలో పెట్టించండి. త్రాసును ఎదురు మూలలో, గోడకు బిగించిన రాతి పలకపై, ఫ్యాన్ గాలి తగలని చోట ఉంచండి.

ఎల్‌పీజీ సిలిండర్లు గది బయటే ఉండాలి. ఎల్‌పీజీ వాయువు గాలి కన్నా బరువైనది. లీకైతే నేలబారుగా పరుచుకుంటుంది గనుక కిటికీలు చాలవు, గోడ అడుగున జాలీలు పెట్టించాలి. ఆమ్లాల సీసాలు కంటి ఎత్తుకు దిగువనే, నైట్రిక్ ఆమ్లం మాత్రం ఆల్కహాల్, అసిటోన్‌లకు దూరంగా వేరే అలమరలో ఉండాలి.