నాన్నగారికి చెప్పని లెక్క

ప్రకాశం జిల్లా పల్లెలో సంఘకాపరిగా ఉన్న ఒక పాస్టరుగారి కుమారుడు, ఇరవయ్యేడేళ్ల యువకుడు, ఉత్తర జపాన్‌లోని చిన్న పట్టణం నుంచి ఈ ఉత్తరం రాశారు. వయసు మళ్లిన ఒక జపనీయ పాస్టరుగారికి తోడుగా అక్కడ మూడో ఏడు సేవ చేస్తున్నారు. ఆదివారం ఆరాధనకు వచ్చేది పద్నాలుగు మంది, వారిలో చాలామంది డెబ్బై దాటినవారు. బాప్తిస్మం దాకా వచ్చిన ఒకే ఒక యువకుడు, ‘ఇంటి సమాధిని, పెద్దల పీఠాన్ని ఇక ఎవరు చూస్తారు’ అని తల్లి కన్నీరు పెట్టుకోవడంతో ఆగిపోయాడు. నాన్నగారు ఫోను చేసినప్పుడల్లా ఎన్ని ఆత్మలు రక్షణలోకి వచ్చాయని అడుగుతారు. ఒక రోజు ఆ ప్రశ్నకు తట్టుకోలేక ‘పదిహేను మంది సిద్ధంగా ఉన్నారు’ అని ఈయన అనేశారు. నాన్నగారు ఆ మాటను సంఘంలో సాక్ష్యంగా చెప్పారు, కానుకలు పెరిగాయి. టోక్యోకు మారితే ఫలితం కనిపిస్తుందా, లేక ఇంటికి వచ్చేయమంటారా అన్నది ఈయన ప్రశ్న.

టోక్యో మాట పక్కన పెట్టండి. జపాన్ మొత్తం మీద క్రైస్తవులు నూటికి ఒకరు, అటూ ఇటూగా. అక్కడికి సువార్త తెచ్చిన తొలి మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ దక్షిణ జపాన్‌లోని కగోషిమాలో దిగింది 1549లో. 1614లో క్రైస్తవ మతాన్ని దేశమంతటా నిషేధించారు, ఊరూరా పెట్టిన ఆ నిషేధపు ప్రకటన పలకలు తీసేసింది 1873లో. ఇటీవలి సంగతి చూస్తే, 2022 జులైలో మాజీ ప్రధాని అబేను కాల్చి చంపిన వ్యక్తి, తన తల్లి ఒక మతసంస్థకు ఇచ్చిన భారీ విరాళాల వల్లే కుటుంబం చితికిపోయిందని చెప్పాడు. మనుషులను, డబ్బును లెక్కపెట్టుకునే మతమంటే అక్కడివారికి ఉన్న భయం అప్పటినుంచి మరింత పెరిగింది. ఊరు మారినంత మాత్రాన ఆ భయం పోదు, మీ నాన్నగారి ప్రశ్న అసలే పోదు. మీ చిక్కు జపాన్‌తో కాదు, నాన్నగారితో.

మీ ఉత్తరంలో ఒకటి గమనించాను. ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో నేర్చుకోవడం, వీధివారితో కలిసి కాలువలు శుభ్రం చేయడం, ఒంటరిగా ఉంటున్న ముసలమ్మల గుమ్మాల ముందు తెల్లవారుజామున మంచు తీయడం, శనివారాలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం, పాస్టరమ్మగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లి సాయంత్రం దాకా కూర్చోవడం, ఇవన్నీ మీరు క్షమాపణ చెప్పుకుంటున్నట్లు రెండు వాక్యాల్లో ముగించి, రాని మనుషుల లెక్కకు రెండు పేజీలు ఇచ్చారు. సేవ అంటే ఏమిటో మీ చేతులకు తెలిసింది గాని, నాన్నగారి ముందు ఆ మాట చెప్పడానికి మీకు నోరు రావడం లేదు.

దొర్నకల్‌లో మన తెలుగువారి మధ్య బిషప్‌గా పనిచేసిన అజరయ్యగారు, బిషప్ కావడానికి రెండేళ్ల ముందే, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మిషనరీల ముఖం మీదనే ‘మాకు స్నేహితులను ఇవ్వండి’ అని అడిగారు. మన దేశం తరఫున ఆయన అడిగినది మీరు ఆ పట్టణంలో ఇస్తున్నారు. దానిని మీరే తక్కువ చేసి రాయడం నాకు బాధ కలిగించింది.

మీ నాన్నగారు చెడ్డవారని నేను అనడం లేదు. 1878 జులై 3న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి ఆధ్వర్యంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఒంగోలు ప్రాంతంలో పెరిగిన పాస్టరు, సేవను సంఖ్యతోనే కొలవడం సహజం. అయితే ఆ కథను ఆయన సగమే చెప్పుకుంటున్నారు. 1836లో మొదలైన ఆ మిషన్‌లో తొలి పాతికేళ్ల ఫలితం ఎంత స్వల్పమంటే, నెల్లూరు కేంద్రాన్ని మూసేద్దామని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పనులు పెట్టించి కూలివారికి తిండి చూపించిన క్లౌ, తిండి కోసం పేరు రాయించుకుంటారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. పైగా అక్కడ పాలెంలోని కుటుంబాలు బంధువులతో, పెద్దలతో కలిసి ఒక నిర్ణయానికి వచ్చాయి. మీ దగ్గర ఒక్క కొడుకు, తన తల్లికి ఎదురు నిలిచి, ఒంటరిగా తేల్చుకోవాలి. ఈ రెండింటినీ ఒకే తూకంతో తూచడం న్యాయం కాదని నాన్నగారికి మీరు కాక మరెవరు చెబుతారు?

ఆ యువకుడిని గురించి ‘కుటుంబ బంధకాల నుంచి బయటపడలేకపోయాడు’ అని రాశారు. తల్లికి నిజం చెప్పి, ఆమె కన్నీరు చూసి ఆగినవాడు అతను. తండ్రికి నిజం చెప్పలేక అబద్ధం చెప్పినవారు మీరు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ బంధకాల్లో ఉన్నారో ఒకసారి ఆలోచించండి. ఆగస్టులో, చనిపోయిన పెద్దలను తలచుకునే ఒబోన్ పండుగకు అతను తల్లితో సమాధి కడగడానికి వెళితే తప్పు పట్టకండి. ఆమె ఒప్పుకుంటే ఒకరోజు ఆ ఇంటికి అతిథిగా వెళ్లండి, వాక్యం చెప్పడానికి మాత్రం కాదు.

నాకు అన్నిటికన్నా బరువైన సంగతి కానుకలు. పూట పూటకూ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే తల్లులు మీ సంఘంలో ఉన్నారు. లేని పదిహేను మంది పేరు మీద వారి చేతి సొమ్ము తీసుకుంటూ ఉండటం ఆత్మగౌరవం ఉన్నవాడు చేయదగిన పని కాదు. తండ్రి మాట నిలబెట్టడం కొడుకు ధర్మమే, కాని అబద్ధాన్ని నిలబెట్టడం ఆ ధర్మంలోకి రాదు.

ఫోనులో చెప్పకండి, మాట మధ్యలో ఆయన గొంతు పెరగగానే మీరు మళ్లీ తగ్గిపోతారు. ఉత్తరం రాయండి. పదిహేను అన్నది నిజం కాదని మొదటి వాక్యంలోనే ఒప్పుకొని, తర్వాత మీ ఒక వారం ఎలా గడుస్తుందో సోమవారం నుంచి ఆదివారం దాకా ఏదీ దాచకుండా రాయండి. సంఘానికి ఆ మాట సరిదిద్ది చెప్పే అవకాశం ముందు ఆయనకే ఇవ్వండి, పెద్దమనిషిని పదిమందిలో నిలదీయకండి. నెల గడిచినా ఆయన చెప్పకపోతే సంఘ పెద్దలకు మీరే రాయండి, పెరిగిన కానుకలు ఆపమని కూడా అందులో కోరండి. ఆయనకు రక్తపోటు ఉందని రాశారు కనుక, ఉత్తరం చేరేలోపు అమ్మగారికి విషయం చెప్పి, ఆయన చదివేటప్పుడు పక్కనే ఉండమనండి.