పెరడు కోసం పర్సనల్ లోనా?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది. భార్యాభర్తలిద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. చేతికొచ్చేది నెలకు 1,62,000. అద్దె 34,000, కారు ఈఎంఐ 14,500, ఒంగోలులో అత్తమామలకు 15,000, ఇంటి ఖర్చు 38,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 20,000. ఏడాది దాటిన బోర్డర్ కోలీ జాతి కుక్క ఉంది, పేరు జున్ను. దాని తిండికి, పొద్దున తిప్పే కుర్రాడికి కలిపి 8,000. రెండో అంతస్తు ఫ్లాట్‌లో అది సోఫా చీల్చింది, తలుపు గీరేసింది, ఇంటికొచ్చిన పిల్లల మడమలు పట్టుకుంటోంది. అందుకని పెరడున్న ఇండిపెండెంట్ ఇల్లు చూశారు. అద్దె 55,000, అడ్వాన్స్ 5 లక్షలు. అడ్వాన్స్‌కీ, కుక్కల ట్రెడ్‌మిల్‌కీ కలిపి 6 లక్షల పర్సనల్ లోన్ బ్యాంకు యాప్‌లో సిద్ధంగా ఉంది. 14 శాతం, నాలుగేళ్లు. సేవింగ్స్‌లో 70,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 38,000, ‘మినిమం డ్యూ కడుతున్నాం’. లోన్ తీసుకోవచ్చా?

వద్దమ్మా. మీకు జవాబు రాయడానికి కారణం జున్ను కాదు. రోజూ ఉండే అవసరాన్ని ఒక్కసారి ఏదో కొనేసి తీర్చేసుకుందామనుకోవడం, అదీ అప్పు చేసి, ఈ ఊళ్లో మామూలైపోయింది. జిమ్ సామాను కొన్నవాళ్లదీ ఇదే కథ, పిల్లాడి చదువుకని ఖరీదైన ట్యాబ్ కొన్నవాళ్లదీ ఇదే కథ.

ముందు లెక్క చూడండి. లోన్ ఈఎంఐ దాదాపు 16,400, అద్దె పెరిగేది 21,000. రెండూ కలిపితే 37,400. ఇప్పుడు అన్నీ పోను మీకు మిగిలేది 32,500. అంటే మొదటి నెల నుంచే దాదాపు ఐదు వేలు లోటు. అది ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు, ఇప్పటికే మినిమం డ్యూ కడుతున్న ఆ కార్డు మీదికే. పైగా మీరు 14 శాతం వడ్డీ కట్టి తెచ్చిన 5 లక్షలు ఓనరు దగ్గర పైసా వడ్డీ లేకుండా కూర్చుంటాయి. ఖాళీ చేసే రోజున పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది ఇస్తాడు. నాలుగేళ్లలో మీరు కట్టే వడ్డీ సుమారు 1,87,000. బ్యాంకు యాప్‌లో పచ్చ బటన్ కనబడింది కదా అని నొక్కేయడమేనా? అది మీ స్తోమత చూసి వేసిన లెక్క కాదు, మీ జీతం ఖాతా చూసి వేసిన గాలం.

ఇక అసలు సంగతి. ఉత్తరం మొత్తంలో ఎమర్జెన్సీ ఫండ్, అంటే ఆపదకని పక్కన పెట్టుకునే డబ్బు, అన్న మాటే లేదు. ఇద్దరి జీతం ఒకే కంపెనీ నుంచి వస్తోంది. ఒక శుక్రవారం సాయంత్రం ఇద్దరికీ ఒకే మెయిల్ వస్తే? కొత్త ఇంట్లో ఉంటే సిప్ ఆపేసినా నెలకు 1,46,900 కావాలి. మీ 70,000 పదిహేను రోజులు కూడా రాదు. ఆఫీసు ఇచ్చిన హెల్త్ కవర్ కూడా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ, ఈ నెలలోనే తీసుకోండి. అత్తమామలకు విడిగా తీసుకోండి.

జున్నుకీ ఆ ఫండే దిక్కు. బెంగళూరులో పిడుదుల జ్వరం కొత్తేం కాదు. రక్తపరీక్షలు, మందులు, సెలైన్లు, రోజూ క్లినిక్‌కి తిరగడం. ఎగిరి దూకే కుక్కలకు మోకాలి లిగమెంటు తెగడమూ ఉంది. ఆ ఆపరేషన్‌కి లక్ష దాటిన బిల్లులు నా క్లయింట్లు చూపించారు. ఆ రోజు ట్రెడ్‌మిల్ అమ్మితే సగం ధర కూడా రాదు. పెట్ ఇన్సూరెన్స్ షరతులు చదివి తీసుకోండి, కానీ అది ఫండ్‌కి బదులు కాదు.

పెరడు సంగతీ చెప్పాలి. బోర్డర్ కోలీ ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెల్ని మళ్లించడానికి పెంచిన జాతి. కాపరి ఈల వింటూ, దూరం నుంచే మందను తిప్పాలి. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీకి ఒక సైకాలజీ ప్రొఫెసర్ 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. అంత బుర్ర ఉన్నదాన్ని పెరట్లో ఒంటరిగా వదిలేస్తే పరిగెత్తదు. గేటు దగ్గర కాపు కాసి, పోయే ప్రతి ఆటో మీదా మొరుగుతుంది, లేదా గోతులు తవ్వుతుంది. పిల్లల మడమలు పట్టుకోవడం కూడా దాని పొగరు కాదు, మందను మళ్లించే అలవాటు. ట్రెడ్‌మిల్ కాళ్లను అలసటపెడుతుంది, బుర్రను కాదు. దానికి గొలుసు కట్టి మీరు జూమ్ కాల్‌లో కూర్చుంటే ప్రమాదం కూడా. గంటసేపు బంతి విసరడమూ అంతే, ఇంకాస్త దమ్ము పెంచి ఇంకాస్త పిచ్చి ఎక్కిస్తుంది.

దానికి కావలసింది మీ టైము, పెద్దగా ఖర్చు లేదు. రోడ్డు వేడెక్కకముందే మీ ఇద్దరిలో ఒకరు వెళ్లండి. తిప్పే కుర్రాడిని సాయంత్రానికి మార్చండి. వాసన చూస్తానంటే చూడనివ్వండి, గొలుసు లాగకండి. గిన్నెలో తిండి పెట్టడం మానేయండి. పాత తువ్వాలులో చుట్టి ముడేయండి, అమెజాన్ అట్టపెట్టెల్లో దాచండి, గది తలుపు వేసి నాలుగు మూలలా పెట్టి ‘వెతుకు’ అనండి. అరకప్పు డ్రై ఫుడ్ కోసం ముక్కుతో ఇరవై నిమిషాలు వెతికిన కుక్క ఆ తర్వాత సోఫా జోలికి పోదు, పక్కనే పడుకుంటుంది. రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు ట్రెయినింగ్ ఇవ్వండి. అన్నిటికంటే ముందు చాప మీద ఊరికే పడుకోవడం నేర్పండి. ఆ జాతికి కష్టమైన పాఠం అదే. ఆదివారం కబ్బన్ పార్కులో కుక్కల కోసం కేటాయించిన చోటుకి తీసుకెళ్లండి. మడమల అలవాటుకి మంచి ట్రెయినర్ కోసం నెలకు 5,000 దాకా పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు చేయాల్సింది. సేవింగ్స్‌లోంచి 38,000 తీసి రేపే కార్డు బాకీ మొత్తం కట్టేయండి. నెలకు మూడున్నర శాతం చొప్పున ఏడాదికి 42 శాతం వడ్డీ పడుతుంటే మినిమం డ్యూ కట్టడం ఏమిటమ్మా, చదువుకున్నవాళ్లు? సిప్ సగానికి తగ్గించండి. ట్రెయినర్ ఖర్చు పోను నెలకు 37,500 మిగులుతుంది. ఎమర్జెన్సీ ఫండ్‌లో ఆరు నెలల ఖర్చు ఉండాలి. సిప్ కాక మీ నెల ఖర్చు 1,09,500, ఆరు నెలలకు 6,57,000. కార్డు బాకీ పోను సేవింగ్స్‌లో మిగిలే 32,000తో మొదలుపెడితే పదిహేడు నెలల్లో చేరతారు. బోనస్ వస్తే అందులోనే వేయండి. కొంత స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకే కలిసి ఉండే ఫిక్స్‌డ్ డిపాజిట్), మిగతాది లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టండి. గోల్డ్ లోన్ గురించి కూడా అడిగారు, దానికీ ఇదే జవాబు. ట్రెడ్‌మిల్‌కి మీవారు చెప్పిన, వడ్డీ లేదనే నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎక్కడున్నాయో ఆయన్నే వెతకమనండి.

కొత్త ఇంటి ఓనరుకి 10,000 టోకెన్ ఇచ్చేశామని చివర్లో రాశారు. అది పోతుందనే కదా మీ బెంగంతా. ఈ వారమే ఫోన్ చేసి, కుదరలేదని మర్యాదగా చెప్పి వెనక్కి అడగండి. సగమిస్తానన్నా తీసుకోండి. అసలు ఇవ్వనన్నా సరే, లోన్ మీద కట్టే వడ్డీలో అది మూడు నెలల వాటా కూడా కాదు.