మధ్యయుగ యూరప్‌లో కాథలిక్ చర్చి మాట కాదన్నవాళ్లందరినీ సజీవదహనం చేసేవారా?

లేదు, అందరినీ కాదు. అలాగని మిగిలినవాళ్లు హాయిగా బతికారనీ కాదు.

దక్షిణ ఫ్రాన్స్‌లోని కాథర్లనే క్రైస్తవ తెగ సంగతే చూడండి. ఈ లోకాన్ని చేసింది మంచి దేవుడు కాదు, దుష్టశక్తి అని వాళ్ల నమ్మకం. పోప్ మూడో ఇన్నోసెంట్ వాళ్ల మీద క్రూసేడ్, అంటే మతయుద్ధం ప్రకటించాడు. 1209లో బేజియే పట్టణంలో కాథర్లు, కాథలిక్కులు అనే తేడా లేకుండా ఊచకోత కోశారు. 1244లో కాథర్ల మోన్‌సెగుర్ కోట లొంగిపోయాక, నమ్మకం వదులుకోని 200 మందికి పైగా మంటల్లో పోయారు.

యుద్ధంతో పని పూర్తికాలేదు. 1230లలో ఇన్‌క్విజిషన్, అంటే మతవిరుద్ధ నమ్మకాలున్నవాళ్లను విచారించే చర్చి న్యాయవ్యవస్థ మొదలైంది. గడువులోగా తనంతట తాను ఒప్పుకున్నవాడికి శిక్ష తగ్గేది, కానీ పక్కింటివాళ్ల పేర్లు కూడా చెప్పాలి. సాక్ష్యం చెప్పిందెవరో మాత్రం నిందితుడికి చెప్పరు. తనంటే పడనివాళ్ల జాబితా ఇచ్చుకోవచ్చు, అందులో సాక్షి పేరు తగిలి ఆ సాక్ష్యాన్ని పక్కన పెడితే అదృష్టం. చీకట్లో బాణమే! 1252 నుంచి చిత్రహింసకూ పోప్ అనుమతి దొరికింది.

జైలు, ఆస్తి జప్తు, తీర్థయాత్రలు, బట్టల మీద పసుపు శిలువలు కుట్టుకుని తిరగడం, ఇవీ ఎక్కువగా పడే శిక్షలు. శిలువ కనిపిస్తే ఊళ్లో పరువు పోయినట్టే. తులూజ్‌లో బెర్నార్డ్ గీ అనే ఇన్‌క్విజిషన్ విచారణాధికారి వందలమందికి శిక్షలు వేస్తే, అందులో మరణశిక్షలు 40 పైచిలుకే.

చర్చి స్వయంగా ఎవరినీ చంపేది కాదు. దయ చూపమని ఒక మాట అని, దోషిని రాజాధికారులకు అప్పగించేది. ఆ దయ ఉత్త లాంఛనమని అందరికీ తెలుసు.